చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి ప్రెసిడెంట్ కావాలంటే ముందు చూడాల్సిన లెక్కలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలో వెయ్యిమంది లోపు విద్యార్థులున్న ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే సాహిత్యం, సైన్సు, కళలు అన్నీ కలగలిపి డిగ్రీ చెప్పే చోట, మీరు డిపార్ట్‌మెంట్ చైర్‌గా ఉన్నారు. అసోసియేట్ డీన్ పోస్టుకి అప్లై చేయమని ప్రోవోస్ట్, అంటే చదువు వ్యవహారాలకు పెద్ద, అంటున్నారు. ఎప్పటికైనా ప్రెసిడెంట్ కావాలన్న ఆశ ఉంది. కానీ ఆ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో, అక్కడికి దారి ఏదో, మనవాళ్లకు ఆ కుర్చీ దక్కుతుందో లేదో తెలియడం లేదు.

నేను ఇలాంటి కాలేజీలోనే చాలా ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి, తర్వాత డీన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ప్రెసిడెంట్ కాలేదు, కావాలని ప్రయత్నించనూ లేదు. వాళ్ల పక్క కుర్చీలో కూర్చుని బడ్జెట్లు, బోర్డు మీటింగులు చూశాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి కాస్త చనువుగానే రాస్తున్నాను.

మన దగ్గర ప్రైవేట్ కాలేజీలో ప్రిన్సిపాల్ చదువు, క్రమశిక్షణ చూసుకుంటారు, డబ్బు సంగతి కరస్పాండెంట్ చూసుకుంటారు. ఇక్కడ కరస్పాండెంట్ లేరు. కాలేజీకి యజమానే లేడు. ట్రస్టీల బోర్డు ఉంటుంది. అందులో ఇరవై ముప్పైమంది, ఎక్కువగా పాత విద్యార్థులు, జీతం తీసుకోకుండా ఏడాదికి మూడు నాలుగుసార్లు కలుస్తారు. మిగతా రోజులన్నీ బాధ్యత ప్రెసిడెంట్‌దే, కానీ అధికారం మాత్రం అంత ఉండదు. సిలబస్ ఫ్యాకల్టీ చేతిలో ఉంటుంది. టెన్యూర్, అంటే తేలిగ్గా తీసేయలేని పర్మనెంట్ ఉద్యోగం, ఉన్న ప్రొఫెసర్‌ని పిలిచి ‘ఈ కోర్సు తీసెయ్యండి’ అంటే తీసెయ్యరు. రోజువారీ అకడమిక్ వ్యవహారమంతా ప్రోవోస్ట్ చూస్తారు. ప్రెసిడెంట్‌ని నియమించేది బోర్డు, విరాళాలిచ్చేది పాత విద్యార్థులు, ఫీజు కట్టేది తల్లిదండ్రులు, పాఠం చెప్పేది ఫ్యాకల్టీ. ఈ నలుగురికీ కాలేజీ పరిస్థితి గురించి ఒకే మాట చెప్పగలగడమే ప్రెసిడెంట్ అసలు పని అని నా అభిప్రాయం. బోర్డుకి ఒక లెక్క, ఫ్యాకల్టీకి ఒక లెక్క, పాత విద్యార్థులకి రంగుల బ్రోషర్ చూపించే ప్రెసిడెంట్లు కొన్నాళ్లు బాగానే నెట్టుకొస్తారు. తర్వాతే ఉంటుంది కథ.

లెక్క అన్నాను కదా, అది ముందు చూద్దాం. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఏడాది ఖర్చు 50,000 డాలర్లని ఉందనుకోండి. దాదాపు ఎవరూ అంత కట్టరు. స్కాలర్‌షిప్ పేరుతో కాలేజీయే తగ్గించి ఇస్తుంది. దీన్ని డిస్కౌంట్ రేట్ అంటారు. ప్రైవేట్ కాలేజీల్లో కొత్తగా చేరేవాళ్లకు ఇది ఇప్పుడు సగటున సగానికి పైనే ఉంది. మీ దగ్గర 60 శాతం అనుకుంటే చేతికొచ్చేది తలకు 20,000. సెప్టెంబరులో విద్యార్థుల్ని లెక్కపెట్టినప్పుడు అనుకున్న దానికన్నా నలభైమంది తక్కువ చేరారని తేలింది. అంటే ఆ ఏడాది 8 లక్షల డాలర్లు పోయినట్టు. అక్కడితో అయిపోదు. ఆ చిన్న బ్యాచ్ నాలుగేళ్లు కాలేజీలోనే ఉంటుంది, కాబట్టి ఆ లోటు నాలుగు బడ్జెట్లలోనూ కనబడుతుంది, మొత్తం 32 లక్షలు. మరుసటి ఏడాది సీట్లు నింపాలని డిస్కౌంట్ ఇంకో మూడు శాతం పెంచితే పిల్లలు పెరుగుతారు, తలకు వచ్చే డబ్బు తగ్గుతుంది. నేను చూసిన బోర్డు ఫైనాన్స్ కమిటీ మీటింగుల్లో టెన్షన్ అంతా ఈ ఒక్క స్లైడ్ దగ్గరే. లైబ్రరీకి కొత్త కప్పు, సాకర్ కోచ్ జీతం లాంటివి అయిదు నిమిషాల్లో తేలిపోతాయి.

దీనికి అందరూ అడిగే ప్రశ్న ‘ఎండోమెంట్ ఉంది కదా?’ అని. దాతలిచ్చిన డబ్బును పెట్టుబడిగా పెట్టి కాపాడుకునే శాశ్వత నిధి అది. ఉంది, కానీ బీరువాలో పెట్టిన డబ్బు కాదు. మామూలుగా ఏడాదికి నాలుగు నుంచి అయిదు శాతం మాత్రమే తీస్తారు. పైగా అందులో పెద్ద భాగానికి దాతల షరతులుంటాయి. సంగీతం చదివే పిల్లల స్కాలర్‌షిప్‌కని ఇచ్చిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టకూడదు. పేపర్లో ‘85 మిలియన్ల ఎండోమెంట్’ అని చదివి కాలేజీ దిట్టంగా ఉందనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

85 మిలియన్ల అంకె ఊరికే చెప్పలేదు. 2015లో వర్జీనియా రాష్ట్రంలోని స్వీట్ బ్రయర్ కాలేజీ దగ్గర ఉన్నది దాదాపు అంతే. ఈ రంగంలోకి రావాలనుకునే ఎవరికైనా నేను ముందు ఈ కాలేజీ కథే చదవమంటాను. ఎందుకంటే ఒకే కాలేజీకి పదేళ్ల లోపు నాలుగు రకాల కెరీర్లు ఉన్న నలుగురు ప్రెసిడెంట్లు వచ్చారు.

ఇండియానా ఫ్లెచర్ విలియమ్స్ అనే ఆమె చిన్న వయసులో పోయిన కూతురు డెయిజీ జ్ఞాపకంగా తన ఆస్తిని వీలునామాలో రాసిపెడితే, 1901లో ఏర్పడిన మహిళా కాలేజీ ఇది. ఆమ్‌హర్స్ట్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దాదాపు 3,000 ఎకరాల పొలాలు, అడవి, గుర్రపుశాలలు. చూడ్డానికి సంస్థానంలా ఉంటుంది. 2015 నాటికి విద్యార్థులు మాత్రం అయిదు వందల పైచిలుకు. మార్చి 3న ప్రెసిడెంట్ జేమ్స్ జోన్స్ సిబ్బందిని, విద్యార్థుల్ని పిలిచి, ఆగస్టులో కాలేజీ మూసేస్తున్నామని చెప్పారు. బోర్డు అంతకు మూడు రోజుల ముందే ఓటు వేసింది. వింటున్నవాళ్లలో చాలామందికి అదే మొదటి కబురు.

ఇక్కడొకటి గమనించాలి. జోన్స్ అనుభవం లేని మనిషి కాదు. ఫ్రెంచి సాహిత్యం పండితుడు. అంతకుముందు కలమజూ కాలేజీకి, హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీకి కలిపి దాదాపు రెండు దశాబ్దాలు ప్రెసిడెంట్‌గా చేశారు. స్వీట్ బ్రయర్‌కి 2014లోనే వచ్చారు. డిస్కౌంట్ 60 శాతం దాకా పోయింది, మహిళా కాలేజీలకు వచ్చే పిల్లలు తగ్గారు, ఎండోమెంట్‌లో చాలా భాగానికి షరతులున్నాయి. డబ్బు పూర్తిగా అయిపోయి సెమిస్టర్ మధ్యలో తలుపులు వేయడం కన్నా, సిబ్బందికి పరిహారం ఇవ్వగలిగే స్థితిలో ఉన్నప్పుడే గౌరవంగా మూసేయడం మేలని వాళ్లు అనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. 2024లో న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్ కాలేజీ, 1868 నుంచి నడిచింది, ఏప్రిల్ నెలాఖరున ప్రకటించి ఆ సెమిస్టర్‌తోనే మూతపడింది. పిల్లలు వేరే కాలేజీ వెతుక్కోవడానికి వారాలే మిగిలాయి. దానితో పోలిస్తే స్వీట్ బ్రయర్ బోర్డు కాస్త ముందుచూపుతో ఉన్నట్టే.

కానీ పాత విద్యార్థినులకు మండింది. ‘ఇంత కష్టంలో ఉందని మాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ఎందుకు అడగలేదు?’ అన్నారు. రోజుల్లోనే సంఘం పెట్టారు, లాయర్లను పెట్టుకున్నారు, విరాళాలకు హామీలు సేకరించారు. మార్చి నెలాఖరున ఆమ్‌హర్స్ట్ కౌంటీ ప్రభుత్వ లాయర్ ఎలెన్ బోయర్ కోర్టుకెళ్లారు. ఒక ప్రత్యేక ఉద్దేశంతో వీలునామా రాసి ఇచ్చిన ఆస్తిని బోర్డు తనంతట తానే మూసేయవచ్చా అన్నది వాదన. వ్యవహారం వర్జీనియా సుప్రీం కోర్టు దాకా పోయి మళ్లీ కింది కోర్టుకి వచ్చింది. జూన్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్ మధ్యవర్తిత్వంలో రాజీ కుదిరింది. పాత విద్యార్థినులు 12 మిలియన్ డాలర్లు తెచ్చిపెట్టాలి, ఎండోమెంట్‌లో 16 మిలియన్లపై షరతులు సడలిస్తారు, బోర్డులో మెజారిటీ మారుతుంది, ప్రెసిడెంట్ మారతారు. ఆడవాళ్లు మాట నిలబెట్టుకున్నారు, డబ్బు వచ్చింది.

జూలై మొదట్లో వచ్చిన కొత్త ప్రెసిడెంట్ ఫిలిప్ స్టోన్ చదువుకున్నది లా. 1994 నుంచి 2010 దాకా అదే రాష్ట్రంలోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీకి ప్రెసిడెంట్‌గా చేసి వెళ్లిపోయిన పెద్దాయన. ఆయన పరిస్థితి ఊహించుకోండి. ఆగస్టు నెలాఖరున క్లాసులు మొదలవ్వాలి. ప్రొఫెసర్లకు ఉద్యోగం పోయిందని కాగితాలు ఇచ్చేశారు, పిల్లలు వేరే చోట్ల చేరిపోయారు, కొత్త బ్యాచ్ అన్నది లేనే లేదు. రెండు నెలలు కూడా లేని టైములో ఒక్కొక్కళ్లనీ తిరిగి పిలుచుకోవాలి. కాలేజీ తెరుచుకుంది. విద్యార్థులు సగానికి తగ్గారు, అయినా తెరుచుకుంది. ప్రెసిడెంట్ ఉద్యోగంలో విజన్, స్ట్రాటజీ అని పెద్ద మాటలు చెబుతారు గానీ, ఆ వేసవిలో స్టోన్ చేసింది నమ్మకం పోయిన మనుషుల్ని మళ్లీ నమ్మించడం. దానికి ఆయన వయసు, చుట్టుపక్కల ఉన్న మంచి పేరు, లాయర్‌గా రాజీలు కుదిర్చిన అలవాటు పనికొచ్చాయి. 2017లో దిగిపోయారు.

తర్వాత వచ్చిన మెరెడిత్ వూ కొరియాలో పుట్టిన రాజనీతిశాస్త్ర పండితురాలు. బోడిన్ అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, తర్వాత వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ డీన్‌గా చేశారు. ఆవిడ ముట్టుకున్నది పైన చెప్పిన స్లైడ్‌నే. 50,000 పెట్టి 60 శాతం తగ్గించే నాటకం ఎందుకని, ట్యూషన్, హాస్టల్, భోజనం కలిపి 34,000 డాలర్లే అని 2017 సెప్టెంబరులో ప్రకటించారు. డిపార్ట్‌మెంట్లను ఎత్తేసి మూడు కేంద్రాలుగా కలిపారు. ఏడాదిని మార్చి, రెండు పన్నెండు వారాల సెమిస్టర్లకు తోడు మూడు వారాల చిన్న టర్ములు పెట్టారు. ఇంజనీరింగ్ డిగ్రీని ఒక ఆకర్షణగా నిలబెట్టారు. 3,000 ఎకరాలు ఊరికే ఎందుకు పడుండాలని గ్రీన్‌హౌస్, ద్రాక్షతోటలు, తేనెటీగల పెంపకం మొదలుపెట్టారు. మీరు చైర్ కాబట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతాను: మీ డిపార్ట్‌మెంట్‌ని ఎత్తేస్తామంటే ఫ్యాకల్టీ మీటింగులో ఏం జరుగుతుంది? మామూలు రోజుల్లో అయితే అవిశ్వాస తీర్మానమే. అక్కడ జరగగలిగిందంటే, రెండేళ్ల ముందు అందరూ అంచుదాకా వెళ్లి చూసొచ్చారు కాబట్టి.

2023లో వచ్చిన మేరీ పోప్ హట్సన్ ఇంకో దారి. 1983లో అదే కాలేజీలో డిగ్రీ తీసుకున్నారు. ప్రొఫెసర్ కారు. కాలేజీకి విరాళాలు, పాత విద్యార్థినుల వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్‌గా పనిచేసి పైకి వచ్చారు. డబ్బు తెచ్చేవాళ్లని ప్రెసిడెంట్ చేశారేమిటని మనలాంటి క్లాస్‌రూం మనుషులకు చిరాకు వేస్తుంది. నాకూ వేసేది. ఆ కాలేజీని కోర్టులో బతికించింది పాత విద్యార్థినులే అయినప్పుడు, వాళ్లలోంచి ఒకరు ఆ కుర్చీలోకి రావడం సహజమే. అయితే ఆ బలానికి ఇంకో వైపు కూడా ఉంది. కాలేజీ బతికింది వీలునామా ప్రకారం కాబట్టి, వీలునామాలోని ప్రతి మాటా మెడకు చుట్టుకుంటుంది. 1960ల్లో ‘తెల్లజాతి’ అన్న మాట తీయించుకోవడానికే కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. 2024లో అడ్మిషన్లలో ట్రాన్స్‌జెండర్ మహిళలను మినహాయించినప్పుడు కూడా ఆ వీలునామాలోని భాషనే చూపించారు. ఫ్యాకల్టీ, విద్యార్థుల నుంచి గట్టి వ్యతిరేకతే వచ్చింది.

ఇప్పుడు మీకు అసలు చిక్కు చెబుతాను, ఎందుకంటే ప్రెసిడెంట్ అయితే దాన్ని మీరు తప్పించుకోలేరు. కష్టాల్లో ఉన్నామని బయటికి చెబితే పిల్లలు చేరరు. చెప్పకపోతే చివరికి నమ్మించి మోసం చేశారంటారు. స్వీట్ బ్రయర్ బోర్డు చెప్పలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది. మసాచుసెట్స్‌లో హాంప్‌షైర్ కాలేజీ 2019 జనవరిలో అందుకు ఉల్టా చేసింది. ప్రెసిడెంట్ మిరియం నెల్సన్, వచ్చి ఏడాది కూడా కాలేదు, కాలేజీ ఒంటరిగా నిలబడలేకపోవచ్చు, భాగస్వామి కోసం వెతుకుతున్నాం, ఈ ఏడాది పూర్తి బ్యాచ్‌ని తీసుకోకపోవచ్చు అని బహిరంగంగా ప్రకటించారు. నాలుగేళ్ల చదువు పూర్తవుతుందో లేదో తెలియనప్పుడు కొత్త పిల్లల్ని చేర్చుకోవడం అన్యాయమన్నది ఆమె వాదన. నిజాయితీగానే ఉంది కదా? అయినా విద్యార్థులు ఆమె ఆఫీసులో బైఠాయించారు, ఏప్రిల్‌లో ఆమె రాజీనామా చేశారు.

దాచినా తిట్టారు, చెప్పినా తిట్టారు, మరి ఏం చేయాలి? నా ఉద్దేశంలో రెండు చోట్లా లెక్క బయటికొచ్చింది బాంబులా, ఒక్కసారిగా. కాలేజీ బాగున్న రోజుల్లోనే ప్రతి సెప్టెంబరులో ఫ్యాకల్టీ ముందు, పాత విద్యార్థుల ముందు అవే నాలుగు అంకెలు పెట్టే అలవాటు ఉంటే అయిదో ఏడాది చెడ్డ అంకె వచ్చినప్పుడు ఎవరూ గుండెలు బాదుకోరు. ఎంతమంది చేరారు, డిస్కౌంట్ ఎంత, ఎండోమెంట్ నుంచి ఎంత తీశాం, అప్పు ఎంత. అంతే. ఇది వినడానికి తేలిక. చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే చెడ్డ అంకె తన హయాంలో బయటపడాలని ఏ ప్రెసిడెంట్‌కీ ఉండదు. పైగా హయాములు చిన్నవవుతున్నాయి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వేల ప్రకారం ప్రెసిడెంట్లు ఆ పదవిలో ఉన్న సగటు కాలం 2006లో 8.5 ఏళ్లు, 2016లో 6.5, 2022లో 5.9. ఇంతకుముందు చెప్పిన చిన్న బ్యాచ్ డిగ్రీ పూర్తిచేసి వెళ్లేసరికి నాలుగేళ్లు. ఆ లోటుకి కారణమైన ప్రెసిడెంట్ అప్పటికి ఇంకో కాలేజీలో ఉండొచ్చు.

విరాళాల గురించి మీకు భయం ఉన్నట్టు రాశారు. చెయ్యి చాచడం మనకు నామోషీ. మధ్యతరగతి తెలుగు ఇళ్లలో అప్పు అడగడమే తలవంపులు, ఇక విరాళమా. కానీ అడగందే అమ్మైనా పెట్టదు. నేను దగ్గరుండి చూసింది ఒకటి చెబుతాను. మా ప్రెసిడెంట్‌తో కలిసి ఎనభై దాటిన ఒక పాత విద్యార్థిని ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆయన డబ్బు మాటే ఎత్తలేదు. ఆవిడ తనకు బోటనీ చెప్పిన ప్రొఫెసర్ గురించి, ల్యాబ్ కిటికీలోంచి కనబడే చెట్టు గురించి గంటసేపు చెబుతుంటే వింటూ కూర్చున్నారు. కారెక్కగానే నోట్‌బుక్ తీసి ఆ ప్రొఫెసర్ పేరు, చెట్టు పేరు రాసుకున్నారు. చాలాకాలం తర్వాత, ఆ ల్యాబ్ బాగుచేయడానికి ఎంత కావాలో కచ్చితమైన అంకెతో వెళ్లి అడిగారు. ఆవిడ ఇచ్చారు. ఇదంతా చేసేది ప్రెసిడెంట్ ఒక్కరే కాదు, వెనుక విరాళాల పని చూసే అడ్వాన్స్‌మెంట్ ఆఫీసు ఉంటుంది. కానీ వినే ఓపిక మాత్రం వాళ్లు అద్దెకివ్వలేరు. మీరు క్లాసులో పిల్లల మాట వినేవారైతే ఇది మీకు వస్తుంది. ఇంటికి అతిథులు రావడం, వాళ్లకి పెట్టడం మనకు కొత్తేమీ కాదు గనక ప్రెసిడెంట్ ఇంట్లో వారానికి రెండు విందులంటే కూడా హడలిపోరు. మీవారితో మాత్రం ముందే మాట్లాడుకోండి. ఆ ఇల్లు సగం ఆఫీసే.

మనవాళ్లకు ఇస్తారా అన్నది ఇంకో ప్రశ్న. విశాఖలో పుట్టి ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన నీలి బెండపూడి మార్కెటింగ్ ప్రొఫెసర్‌గా మొదలై, డీన్, ప్రోవోస్ట్ అయ్యి, 2018లో లూయివిల్ విశ్వవిద్యాలయానికి, 2022లో పెన్ స్టేట్‌కి ప్రెసిడెంట్ అయ్యారు. కాబట్టి తలుపు మూసి లేదు. అయితే అవి పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలు. చిన్న కాలేజీ బోర్డు ‘ఈమె మా మనిషేనా’ అని చూస్తుంది. మీరు ఇప్పటికే అలాంటి కాలేజీలో పనిచేస్తున్నారు, అదే మీ బలం. యాస గురించి బెంగ వద్దు. బోర్డు తరఫున అభ్యర్థుల్ని వెతికే సెర్చ్ కంపెనీ వాళ్లు మొదటి వడపోత తర్వాత ఒక గంటన్నర ఇంటర్వ్యూ పెడతారు, చాలాసార్లు ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో. అక్కడ కమిటీ తప్పకుండా అడిగేవి రెండు: మీరు ఎప్పుడైనా బడ్జెట్ కోసి, దాని తర్వాత కూడా అదే మనుషులతో పనిచేశారా? ఎవరినైనా డబ్బు అడిగారా? రెండింటికీ సొంత అనుభవం నుంచి జవాబు ఉండాలి.

అందుకే అసోసియేట్ డీన్ పోస్టు తీసుకోవడం మంచిదే. కానీ ఏ అసోసియేట్ డీన్ అన్నది చూసుకోండి. కోర్సుల క్యాటలాగ్, ఫిర్యాదులు, అడ్వైజింగ్ చూసే పోస్టు అయితే పదేళ్లు చేసినా బడ్జెట్ ముఖం చూడరు. ఫ్యాకల్టీ పోస్టుల కేటాయింపు గానీ, గ్రాంట్లు గానీ మీ కిందికి వచ్చేలా మాట్లాడుకోండి. అడ్వాన్స్‌మెంట్ వాళ్లు సైన్స్ బిల్డింగ్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో దాతల దగ్గరకు వెళ్లేటప్పుడు నన్ను తీసుకెళ్లండని మీరే అడగండి, సంతోషంగా తీసుకెళతారు. టెన్యూర్ వదులుకోవద్దు. డీన్ పని అయిపోతే ప్రొఫెసర్‌గా వెనక్కి వచ్చే హక్కు కాగితం మీద ఉండాలి, నోటిమాట చాలదు. రేపు ప్రెసిడెంట్ అయినా ఇదే అడగండి.

ఇంకో పని ఈ వారాంతంలోనే చేయొచ్చు. మీ కాలేజీ ఫారం 990 ఇంటర్నెట్‌లో ఉంటుంది, లాభాపేక్ష లేని సంస్థలు చాలావరకు ఏటా పన్నుల శాఖకి ఇచ్చేదే. ప్రెసిడెంట్ జీతం కూడా అందులో కనబడుతుంది, అందరూ ముందు అదే వెతుకుతారు, మీరూ వెతుకుతారు, పర్లేదు. దాని తర్వాత ఆదాయం, ఖర్చు మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ఎండోమెంట్ మీద షరతుల సంగతి ఆడిట్ రిపోర్టులో ఉంటుంది. ఫెడరల్ విద్యాశాఖ కాలేజీల ఆర్థిక స్థితికి మైనస్ 1 నుంచి 3 దాకా ఇచ్చే స్కోరు కూడా చూడండి. 1.5 కన్నా తక్కువుంటే ప్రోవోస్ట్‌ని మర్యాదగా అడగండి, ‘దీని గురించి బోర్డు ఏమనుకుంటోంది సర్?’ అని. ఆయన నీళ్లు నమిలితే ఆ పోస్టు గురించి మళ్లీ ఆలోచించండి. వెంటనే లెక్కలు తీసి చూపిస్తే అప్లై చేసేయండి.

ఆడిట్ రిపోర్టులో నోట్స్ చదవడం మొదట్లో అర్థం కాదు. ఎక్కడైనా ఆగిపోతే ఆ పేరా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.